స్కాన్ చేస్తే సరిపోదు: ఆర్కైవిస్టు వృత్తి, దానికి కావలసిన తయారీ

పాత దస్త్రాలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టేస్తే ఇక ఆర్కైవిస్టులతో పని ఉండదన్న అభిప్రాయం కార్యాలయాల్లోనూ చదువుకున్నవాళ్ల మాటల్లోనూ బాగా స్థిరపడింది. దాని అడుగున మరో నమ్మకం ఉంది. ఆర్కైవిస్టు అంటే రికార్డు గదికి కాపలా మనిషి, కట్టలు దించి ఇవ్వడం, దుమ్ము దులపడం, చెదలు పట్టకుండా చూడడం అతని పని, డిగ్రీ ఉన్న ఎవరైనా చేరిన నెల రోజుల్లో దాన్ని నేర్చేసుకోవచ్చు అన్నదే ఆ నమ్మకం. ఇది కేవలం తెలియక చేసే పొరపాటైతే సరిదిద్ది ఊరుకోవచ్చు. కానీ నిధులు ఎటు వెళ్లాలో, ఏ పోస్టు భర్తీ చేయాలో, ఏ కోర్సు నడపాలో నిర్ణయించేది ఇలాంటి అభిప్రాయాలే. స్కానింగ్ కాంట్రాక్టుకు డబ్బు దొరికి, దస్త్రం చదివి వివరం రాసే మనిషికి జీతం దొరకని పరిస్థితి ఇందులోంచే పుడుతుంది. కాబట్టి ఈ అభిప్రాయాన్ని మొదలంటా పరీక్షించాలి.

దస్త్రాన్ని పుస్తకంలాంటిదే అనుకోవడం దగ్గరే ఈ వాదన దారి తప్పుతుంది. అచ్చు పుస్తకం ప్రతి ఒకటి పోతే వేటపాలెం సారస్వత నికేతనంలోనో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనో మరొకటి దొరకవచ్చు. ఎక్కడ దొరికినా అందులోని విషయం మారదు. దస్త్రం సంగతి వేరు. ఒక కార్యాలయం తన పని తాను చేసుకుపోతుండగా పుట్టిన కాగితం అది. సాధారణంగా ఒక్కటే ఉంటుంది. దానికి ముందు వచ్చిన అర్జీ, తర్వాత వెళ్లిన ఉత్తర్వు, మార్జిన్‌లో అధికారి రాసిన రెండు ముక్కలు, ఇవన్నీ కలిసి ఉంటేనే దానికి అర్థం. అందుకే ఒక కార్యాలయం కాగితాలను మరో కార్యాలయం కాగితాలతో కలపకూడదన్న సూత్రాన్ని ఫ్రాన్స్ 1841లోనే ప్రభుత్వ సర్క్యులర్‌గా విడుదల చేసింది. డచ్ ఆర్కైవిస్టులు ముల్లర్, ఫైత్, ఫ్రౌన్ 1898లో ప్రచురించిన గ్రంథం దానికి రెండో సగం చేర్చింది: పుట్టినచోట ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసను కూడా కాపాడాలి. ఆర్కైవిస్టు చదువంతా ఈ రెండు సూత్రాల మీదే నిలబడింది.

ఇది పుస్తకాల్లోని సిద్ధాంతం మాత్రమే కాదు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలాల దక్కన్ పాలనకు చెందిన పారసీ పత్రాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిలో పెద్ద భాగం విడి కాగితాలు. ‘అర్జ్-ఓ-చెహ్రా’ అనే తరహా పత్రాన్నే తీసుకుంటే, అందులో ఒక సిపాయి పేరు, తండ్రి పేరు, ఒంటి రంగు, ముఖం మీది పుట్టుమచ్చ లేదా గాయం గుర్తు, అతని గుర్రం ఆనవాళ్లు ఉంటాయి. ఒక్క కాగితాన్ని విడిగా చూస్తే ఎన్నడో గతించిన ఒక సిపాయి పోలికలు తప్ప మరేమీ కనిపించదు. ఏ మన్సబ్‌దారు దళంలో, ఏ ఏట, ఏ కోట దగ్గర జరిగిన తనిఖీలో అది రాశారో తెలిసి, ఆ వరుసలోని మిగతా కాగితాల పక్కన పెట్టినప్పుడు దక్కన్‌లోని మొఘల్ సైన్యం ఎవరితో ఏర్పడిందో, ఎక్కడి మనుషులు ఎక్కడికి వచ్చి కొలువు చేశారో బయటపడుతుంది. యూసుఫ్ హుసేన్ ఖాన్ ఈ భాండారం నుంచి ఎంపిక చేసిన షాజహాన్ కాలపు పత్రాల సంపుటం 1950లో, ఔరంగజేబు కాలపు సంపుటం 1958లో వెలువడి చరిత్రకారుల చేతికి అందాయంటే, పత్రాలను చదివి, తేదీ తేల్చి, వరుస పెట్టినవాళ్లు ఉండబట్టే. అవే కాగితాలను యంత్రం కింద పెట్టి వరుస నంబర్లు వేసుకుంటూ పోతే చేతికి వచ్చేది లక్షన్నర బొమ్మలు.

ఆ బొమ్మలైనా పూర్తిగా వస్తాయా అన్నది తర్వాతి ప్రశ్న. మొఘల్ పాలనలో ఒక సనదుకో పర్వానాకో వెనకవైపు ఉండే రాత ముందువైపు రాతకంటే తక్కువదేమీ కాదు. మంజూరైన భూమి వివరం చెప్పే ‘జిమ్న్’ అక్కడే ఉంటుంది. పత్రం ఏయే కార్యాలయాల గుండా నడిచిందో చెప్పే నమోదులు, మొహర్లు అక్కడే ఉంటాయి. పేజీకి ఇంత అని లెక్కగట్టి పనిచేసే మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే వెనకవైపు ఖాళీ అనుకుని వదిలేస్తాడు, లేదా వేరే ఫైలుగా సేవ్ చేస్తాడు. కట్ట విప్పి, పనికి వీలుగా కాగితాలను సైజుల వారీగా సర్దుకుంటే అసలు వరుస అక్కడితో చెరిగిపోతుంది. తర్వాత ఎంత మంచి కెమెరా తెచ్చినా దాన్ని తిరిగి తేలేరు.

దీనికి ఎదురుగా ఒక బలమైన ఉదాహరణ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కావలి బొర్రయ్య సోదరులు, వారి తోటివారు ఊరూరా తిరిగి కల్నల్ మెకంజీ కోసం సేకరించిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, 1821లో మెకంజీ చనిపోయిన తర్వాత శిథిలమవుతూ వచ్చాయి. సి.పి. బ్రౌన్ వాటిని మంచి కాగితం మీద తిరిగి రాయించాడు. ‘లోకల్ రికార్డ్స్’ పేరుతో ఆంధ్ర చరిత్రకారులు వాడుకుంటూ వచ్చిన సంపుటాలు అవే. అంటే నకలే కాపాడింది కదా అనవచ్చు. కాపాడింది, సందేహం లేదు. అయితే ఆ నకలుకు విలువ ఎందుకు వచ్చింది? ఎవరు రాయించారో, ఏ సేకరణ నుంచి రాయించారో, ఏ ఊరి కైఫియత్తు ఏ సంపుటంలో ఉందో తెలియబట్టి. మూలం ఏదో, సంబంధం ఏదో తెలియని నకలును ఏ చరిత్రకారుడూ ఆధారంగా తీసుకోడు. బ్రౌన్ చేసింది నకలు తీయించడం ఒక్కటే కాదు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెరగకుండా చూడడం కూడా. రెండో పనే ఆర్కైవిస్టు పని.

ఇక చదవడం సంగతి. పాత కాగితం భాష వస్తే చదివేయవచ్చన్న భ్రమ చాలామందిలో ఉంది. ఉర్దూ బాగా వచ్చినవాళ్లు కూడా షికస్తా రాత ముందు ఆగిపోతారు. అందులో చుక్కలు చాలాచోట్ల ఉండవు, కలవకూడని అక్షరాలు కలిసిపోతాయి. మరాఠీ వచ్చినంత మాత్రాన మోడి లిపి రాదు. తెలుగు మాతృభాష అయినవాళ్లకు సైతం పాత కరణాల గొలుసుకట్టు రాత మొదట పరాయి లిపిలాగే కనిపిస్తుంది. కలం ఎత్తకుండా రాసుకుపోయిన ఆ పంక్తుల్లో తలకట్టు ఎక్కడ, గుడి ఎక్కడ, ఒక మాట ముగిసి మరో మాట మొదలైంది ఎక్కడ అన్నది వందల పేజీలు చదివాక గాని కంటికి అలవాటు కాదు.

లిపి తర్వాత కాలగణన. నిజాం రాజ్యంలో దస్త్రాలు ఫసలీ సంవత్సరంలో నడిచాయి. నెలల పేర్లు ఆజూర్, దై, బహ్మన్ వంటి ఇరానీ పేర్లు. ఫసలీకి 590 కలిపితే దాదాపుగా క్రీస్తు శకం వస్తుంది, అయితే ఏడాది మధ్యలో మారుతుంది కాబట్టి నెల కూడా చూసుకోవాలి. తెలంగాణ రైతుల నోట ఇప్పటికీ వినిపించే 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఫసలీ లెక్కలో 1364. ఈ లెక్క తెలియనివాళ్లు జాబితా తయారు చేస్తే 1364ను పద్నాలుగో శతాబ్దంగా నమోదు చేసే ప్రమాదం ఉంది. అలా నమోదైన కాగితం బీరువాలో ఉన్నా, సర్వర్‌లో ఉన్నా, వెతికేవాళ్లకు లేనట్టే. సేత్వార్, వసూల్ బాకీ, పహాణీల మధ్య తేడా తెలియకుండా తెలంగాణ రెవెన్యూ దస్త్రాలకు, డైగ్లాట్ రిజిస్టరు అంటే ఏమిటో తెలియకుండా ఆంధ్ర జిల్లాల దస్త్రాలకు సూచిక రాయడం సాధ్యం కాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ మిగిలి ఉన్న కాగితాల గురించి. స్కానింగ్ వాదం నోరు మెదపలేని చోటు ఇంకొకటి ఉంది. ఏది మిగలాలి, ఏది పోవాలి అన్న నిర్ణయం అది. ఆర్కైవిస్టు వృత్తిలో అన్నిటికన్నా బరువైన బాధ్యత ఇదే. ఏ ప్రభుత్వమూ తాను పుట్టించిన ప్రతి కాగితాన్నీ ఉంచలేదు, ఉంచకూడదు కూడా. పనికిరాని గుట్టలో పనికొచ్చేది మునిగిపోతుంది. మద్రాసు రాజధాని కాలం నుంచి జిల్లా కార్యాలయాల్లో ముగిసిన ఫైలుకు ఆర్.డిస్, డి.డిస్, కె.డిస్, ఎల్.డిస్ అని గుర్తు వేసే పద్ధతి ఉంది. మొదటిది శాశ్వతంగా ఉండాలి, రెండోది పదేళ్లు, మూడోది మూడేళ్లు, చివరిది ఒక్క ఏడాది. ఆ గుర్తు వేసే గుమాస్తా ఫైలు విలువను తన కార్యాలయం అవసరాన్ని బట్టే కొలుస్తాడు, అది అతని తప్పు కాదు. ఒక చెరువు మరమ్మతు తగాదా ఫైలు తాలూకా కచేరీకి మూడేళ్ల తర్వాత అక్కర్లేదు. ఆ చెరువు కింద ఎవరెవరికి ఎంత నీటి హక్కు ఉండేదో యాభై ఏళ్ల తర్వాత తేల్చాల్సి వచ్చినప్పుడు ఆ ఫైలు తప్ప మరో ఆధారం ఉండకపోవచ్చు. కార్యాలయం అవసరానికీ, పౌరుడి హక్కుకూ, చరిత్ర అవసరానికీ మధ్య తూకం వేసి నిర్ణయం చెప్పగల మనిషి కావాలి. యంత్రం తన ముందు పెట్టిన కాగితాన్ని తీసుకుంటుంది. పెట్టని కాగితం గురించి దానికేమీ తెలియదు.

చట్టానికి ఈ సంగతి తెలుసు. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నిటిలో రికార్డుల అధికారి ఉండాలంది. నిర్దేశించిన పద్ధతి ప్రకారం తప్ప ఏ దస్త్రాన్నీ నాశనం చేయకూడదంది. 1892కు ముందువైతే, ఆర్కైవ్స్‌కు ఏ విధంగానూ పనికిరానంతగా పాడైతే తప్ప నాశనం చేయకూడదంది. ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు శిక్ష పెట్టింది. చట్టం ఎంత గట్టిదైనా దాన్ని నడిపే శిక్షణ పొందిన మనుషులు కార్యాలయాల్లో లేకపోతే ఏం జరుగుతుందో 2022 డిసెంబరులో దేశానికి తెలిసింది. 1962, 1965, 1971 యుద్ధాల దస్త్రాలు, హరిత విప్లవం దస్త్రాలు తమ దగ్గర లేవని నేషనల్ ఆర్కైవ్స్ అప్పటి డైరెక్టర్ జనరల్ చందన్ సిన్హా స్వయంగా చెప్పారు. మంత్రిత్వ శాఖలు వాటిని పంపనే లేదు. చాలినన్ని స్కానర్లు ఉన్నా ఈ లోటు పూడదు. ఆయా శాఖల రికార్డు గదుల్లోనే కూర్చుని, ఫైలు ముగిసిన రోజునే దాని భవిష్యత్తు తేల్చగల మనుషులు ఉంటేనే పూడుతుంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ మొదటి మాటగా చెప్పింది కూడా ప్రతి ప్రభుత్వ సంస్థా తన దస్త్రాలకు జాబితా, సూచిక తయారుచేసి ఉంచుకోవాలనే. పౌరుడు అడిగిన కాగితం ‘అందుబాటులో లేదు’ అన్న జవాబు వచ్చిన ప్రతిసారీ దాచిపెట్టారనే అనుకోనక్కర్లేదు. ఎక్కడుందో నిజంగానే తెలియకపోవచ్చు. అలా తెలియకపోవడం దాచిపెట్టడం కంటే చిన్న నేరం కాదు.

సాక్ష్యం విషయంలోనూ స్కాన్ ప్రతి తనంతట తాను నిలబడదు. ముప్పై ఏళ్లు దాటిన పత్రం తగిన కస్టడీ నుంచి వచ్చినప్పుడు దాని సంతకం, రాత నిజమైనవేనని కోర్టు భావించవచ్చని 1872 సాక్ష్య చట్టం చెప్పింది. 2023లో దాని స్థానంలో వచ్చిన చట్టం కూడా ఆ నియమాన్ని కొనసాగించింది. ఇక్కడ కీలకం వయసు ఒక్కటే కాదు, కస్టడీ. కాగితం పుట్టిన కార్యాలయం నుంచి రికార్డు గదికి, అక్కడి నుంచి ఆర్కైవ్స్‌కు తెగని గొలుసులా చేతులు మారి రావాలి. ఆ గొలుసుకు హామీదారు ఆర్కైవిస్టు. ఎలక్ట్రానిక్ దస్త్రాలకు కొత్త చట్టం మరింత కచ్చితమైన షరతు పెట్టింది. కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హాష్ విలువను కూడా నమోదు చేయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది కాబట్టి, దస్త్రం చేతికి వచ్చిన రోజునే దాన్ని లెక్కగట్టి భద్రపరచాలి. ఈ-ఆఫీసు వ్యవస్థల్లో పుడుతున్న ఫైళ్లకు అసలు కాగితమే ఉండదు. అంటే డిజిటల్ యుగం ఆర్కైవిస్టు పనిని తగ్గించలేదు, దస్త్రం పుట్టిన రోజుకే ముందుకు జరిపింది.

డిజిటల్ అంటే శాశ్వతం అన్న నమ్మకానికి బ్రిటన్ అనుభవం తగిన జవాబు. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా బీబీసీ 1986లో కొత్త డూమ్స్‌డే ప్రాజెక్టు చేపట్టి లక్షలాది మంది చేత వివరాలు రాయించి లేజర్ డిస్కుల్లో పెట్టింది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు దాదాపు కనుమరుగయ్యాయి. ఆ సమాచారాన్ని వెలికితీయడానికి ప్రత్యేకంగా పరిశోధక బృందాలు పనిచేయాల్సి వచ్చింది. తోలు మీద సిరాతో రాసిన 1086 నాటి గ్రంథాన్ని మాత్రం ఇప్పటికీ తెరిచి చదవవచ్చు. ఫైలు రూపాలు పాతబడకముందే కొత్త రూపాల్లోకి మార్చడం, మార్చినప్పుడు ఏమీ పోలేదని సరిచూడడం, ఏ మార్పు ఎప్పుడు ఎవరు చేశారో రాసి ఉంచడం ఏటేటా జరగాల్సిన పని. ఒకసారి స్కాన్ చేసి చేతులు దులుపుకుంటే కుదరదు.

మరమ్మతు రంగంలో తెలిసీ తెలియని చేతుల వల్ల, కొన్నిసార్లు తెలిసిన చేతుల వల్ల కూడా, జరిగిన నష్టం మరో పాఠం. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పెళుసుబారిన కాగితాలను సెల్యులోజ్ అసిటేట్ పొరల మధ్య పెట్టి లామినేట్ చేయడం ప్రపంచమంతటా పాటించారు. యంత్రం కొనలేని చోట్ల అసిటోన్‌తో చేత్తోనే చేసే పద్ధతిని భారత నేషనల్ ఆర్కైవ్స్ రూపొందించింది. ఆనాటికి అది గొప్ప సాధనే, వేలాది కాగితాలు చేతుల్లో పొడి కాకుండా ఆగాయి. కాలక్రమంలో ఆ పొర తానే పాడవుతుందనీ, దాన్ని తీయడం కష్టమనీ తేలింది. ఇవాళ సంరక్షకులు తిరిగి విప్పడానికి వీలైన పద్ధతులనే, అంటే పల్చని జపాన్ టిష్యూ, గోధుమ పిండి జిగురు వంటివాటినే ఎక్కువగా కోరుకుంటారు. చిరిగిన చోట సెలోటేపు అంటించే కార్యాలయాలు ఇప్పటికీ ఉన్నాయి. కాగితంలోని ఆమ్లం, ఇనుప సిరా చేసే పని, గదిలోని తేమ గురించి కనీస రసాయన జ్ఞానం లేనివాళ్లకు దస్త్రాలు అప్పగించకూడదు.

కృత్రిమ మేధ చేతిరాతను కూడా చదివేస్తోంది కదా అన్నది ఇప్పుడు కొత్తగా వినిపించే వాదన. అచ్చు అక్షరాన్ని గుర్తించడంలో యంత్రం ఎంతో ముందుకు వచ్చింది, చేతిరాతలోనూ వస్తోంది. దాన్ని ఆహ్వానించాలి. కానీ గొలుసుకట్టు రాతను చదవడం యంత్రానికి నేర్పాలంటే ముందు మనుషులు వేల పేజీలు తప్పుల్లేకుండా చదివి రాసి ఇవ్వాలి. యంత్రం చదివింది ఒప్పో తప్పో చెప్పడానికీ చదవగలిగిన మనిషే ఉండాలి. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పు చదివితే ఒక కుటుంబం భూమి మరొకరి పేరున కనిపిస్తుంది. చదవడం సులువైన కొద్దీ సరిచూసేవాళ్ల అవసరం పెరుగుతుంది తప్ప తరగదు.

అలాంటప్పుడు ఈ వృత్తికి సిద్ధపడడం ఎలా? చరిత్రలో ఎం.ఏ. ఉంటే చాలన్నది మొదటి అభిప్రాయానికి తోబుట్టువు. చరిత్ర చదివినవాళ్లకు దస్త్రాన్ని వాడుకోవడం తెలుస్తుంది, దాన్ని నిర్వహించడం తెలియదు. ఈ తేడాను గుర్తించే న్యూఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ 1976లో శిక్షణ సంస్థను నెలకొల్పింది, 1980 నుంచి అది స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్. పీజీ పూర్తిచేసినవాళ్లకు ఆర్కైవ్స్, రికార్డుల నిర్వహణలో ఏడాది డిప్లొమా, కార్యాలయాల సిబ్బందికి సంరక్షణ, నకళ్లు తీయడం, రికార్డుల నిర్వహణ వంటి అంశాల్లో స్వల్పకాలిక కోర్సులు అక్కడ నడుస్తున్నాయి. తెలుగు విద్యార్థి ఆ డిప్లొమాతో ఆగకూడదు. ఏ ప్రాంతపు దస్త్రాల మధ్య పనిచేయదలిచాడో దాన్ని బట్టి ఒక లిపిని ముందుగానే పట్టుకోవాలి. హైదరాబాద్ దస్త్రాలకు పారసీ, షికస్తా, దానితోపాటు మోడి కూడా వస్తే మరీ మంచిది. కోస్తా, రాయలసీమ జిల్లాల దస్త్రాలకు గొలుసుకట్టు తెలుగు, పాత రెవెన్యూ ఇంగ్లీషు కావాలి. ఇది డిగ్రీ రోజుల్లో మొదలుపెడితే గాని ఉద్యోగం నాటికి చేతికి రాదు. రికార్డుల చట్టం, సమాచార హక్కు, సాక్ష్య చట్టాల్లో సంబంధించిన సెక్షన్లు క్షుణ్ణంగా చదవాలి. డేటాబేస్ నడపడం, వివరాల ప్రమాణాలు, ఫైలు రూపాలు తెలియాలి. వీటన్నిటికన్నా ముందు ఏదైనా రికార్డు గదిలో కొన్ని నెలలు అనుభవం ఉన్నవాళ్ల పక్కన కూర్చుని కట్టలు విప్పి జాబితా రాయాలి.

ఉద్యోగాలు లేవు కాబట్టి చదువు ఎందుకన్న మాట సగం నిజం. ప్రభుత్వ పోస్టులు తక్కువ, నియామకాలు నెమ్మది. మిగతా సగం చూడాలంటే ప్రభుత్వం బయటకు రావాలి. రిజర్వ్ బ్యాంక్ 1981లో తన ఆర్కైవ్స్ మొదలుపెట్టింది. టాటా సంస్థలు 1991లో, గోద్రెజ్ 2006లో సొంత ఆర్కైవ్స్ ఏర్పాటు చేసుకున్నాయి. బెంగళూరు ఎన్‌సీబీఎస్ విజ్ఞాన చరిత్రకు 2019లో ఆర్కైవ్స్ తెరిచింది. లాభనష్టాలు లెక్కచూసుకునే సంస్థలు సైతం స్కానింగ్ యంత్రంతో సరిపెట్టుకోకుండా శిక్షణ పొందినవాళ్లను పెట్టుకుంటున్నాయి. ప్రభుత్వాల వైపు నుంచి జరగాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కూడా కావు. ఆర్కైవిస్టు పోస్టుకు ఆర్కైవ్స్ డిప్లొమాను, ఒక లిపి పరీక్షను తప్పనిసరి అర్హత చేయాలి. జిల్లా స్థాయిలో రికార్డుల అధికారిగా వేరే పని లేని ఒక మనిషిని నియమించాలి. కట్ట వరుస, వెనకవైపు రాతలు, తేదీ, మూల కార్యాలయం నమోదై ఆర్కైవిస్టు సంతకం చేసిన తర్వాతే ఏ కట్టనైనా స్కానింగ్‌కు పంపాలన్న షరతును ప్రతి కాంట్రాక్టులో రాయాలి. తార్నాకలోనూ, జిల్లా కలెక్టరేట్ల రికార్డు గదుల్లోనూ ఉన్న కట్టల మీదే రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు లిపి తరగతులు నడపవచ్చు. పాఠానికి కావలసిన పత్రాలు అక్కడ తరాలకు సరిపడా ఉన్నాయి, షికస్తాను, గొలుసుకట్టును ధారాళంగా చదివే చివరి తరం గురువుల్లో కొందరు ఇంకా నేర్పగల వయసులోనే ఉన్నారు.